శవాల లాజరు, పొగ సత్తియ్య

రాజమండ్రిలో రైలు వంతెన స్తంభాలు గోదావరిలోంచి ఒక్కొక్కటే పైకి లేస్తున్న రోజుల్లో, కోటగుమ్మం దగ్గర ఒక ఫోటోల కొట్టు ఉండేది. ఆ కొట్టు మా పెదతాత లాజరుది. మిషను బడిలో చదువుకుని, ఒక పాదిరీగారి దగ్గర కెమెరా పని నేర్చుకున్న మనిషి. ఊళ్లో ఆయన్ని ఫోటోగ్రాఫరు లాజరు అంటే చాలామందికి తెలిసేది కాదు. శవాల లాజరు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు.

ఆ పేరు రావడంలో ఆయన తప్పేమీ లేదు. బతికుండగా బొమ్మ తీయించుకుంటే ఆయుష్షు తరిగిపోతుందని జనానికి భయం. అందుకని ఇంటి పెద్ద కన్ను మూశాకే ఈయనకి కబురొచ్చేది. పోయినాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మీద శాలువా కప్పి, వెనక కొడుకులూ కోడళ్లూ నిలబడేవారు. లాజరు తాత కెమెరా మూత తీస్తూ "కదలకండి" అనేవాడు. కావలసినంత వెలుగు లోపలికి వెళ్లాక మూత పెట్టేస్తూ "అయిందండి" అనేవాడు. రెండూ వీధి చివరికి వినపడేంత గొంతుతో. అంతసేపూ కదలకుండా ఉండేది ఒక్క కుర్చీలో ఉన్నాయనే. మిగతావాళ్లు ముక్కు గోక్కునేవారు, చంకలో పిల్లాణ్ణి సర్దుకునేవారు, ఏడుపు ఆపుకోలేక వంగిపోయేవారు. కదిలినవాళ్లు బొమ్మలో మసకమసకగా, పొగలాగా పడేవారు. ఆ లెక్కన పోయినవాళ్ల బొమ్మలే బాగా కుదిరేవి మరి.

ఆ పేరు ఆయన నవ్వుతూనే మోశాడు, రామచంద్రపురం పెళ్లి దాకా. అక్కడ ఓ పెద్ద రైతు కూతురి పెళ్లికి ధైర్యం చేసి ఈయన్ని పిలిచాడు. బండి దిగి సామాను దింపుతుంటే పెళ్లికూతురి మేనత్త చూసి గుర్తుపట్టింది. తన మామగారి శవాన్ని తీసినవాడు పందిట్లోకి ఎలా వస్తాడని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తాత అదే బండిలో తిరిగొచ్చాడు. ఆ మేనత్త పేరు నాకు తెలియదు, తెలిసుంటే ఇక్కడ రాసేసేవాణ్ణి. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని మా పెదమామ్మ సంపూర్ణమ్మ ఎన్నో ఏళ్ల తర్వాత కూడా చెప్పి బాధపడేది.

అప్పటినుంచి ఆయనకి ఒకటే యావ. నిండు ప్రాణంతో ఉన్న కుర్రాణ్ణి, అందులోనూ గాలిలో ఎగురుతున్నవాణ్ణి, పొగ లేకుండా బొమ్మలో పట్టాలి. ఆ బొమ్మని పెద్దది చేసి కొట్టు ముందు వేలాడదీయాలి. అది చూశాక తనని శవాల లాజరు అని ఎవరంటారో చూస్తానన్నాడు.

దానికోసం టేకు చెక్కతో ఒక పలక చేయించాడు. పలక మధ్యలో సన్నటి కంత. దాన్ని కెమెరా అద్దం ముందు గాడిలో నిలబెట్టి దారంతో కట్టేవాడు. దారం వదిలితే పలక టక్కున జారి పడుతుంది. కంత అద్దం ముందునుంచి దాటిపోయే ఆ ఒక్క రెప్పపాటే వెలుగు లోపలికి వెళుతుంది. మూత తీసి పెట్టే పనే లేదు. దీన్ని పరీక్ష చేయడానికి పెరట్లో కోళ్లని అదిలించాడు, సంపూర్ణమ్మ చేత బిందెలకి బిందెలు నీళ్లు గాల్లోకి చల్లించాడు. ఆ వేసవిలో తన నడుం పట్టుకున్నది మళ్లీ వదల్లేదని ఆవిడ పోయేదాకా సాధిస్తూనే ఉంది.

బొమ్మ పడే గాజు పలక మీద నీళ్ల చుక్కలు ముత్యాల్లా తేలిన రోజున ఆయన ధవళేశ్వరం వెళ్లి బెస్తపేటలో కబురు చెప్పాడు. ఏటా గోదావరికి మొదటి ఎర్రనీరు వచ్చినప్పుడు అక్కడి కుర్రాళ్లు గంగమ్మకి పసుపు నీళ్లు వదిలి, పడవలు కాలవలోకి దిగే లాకు గోడ పక్కన కట్టిన పెద్ద పడవ తెరచాప కొయ్య ఎక్కి ప్రవాహంలోకి దూకుతారు. ఎవరి దూకుడు బాగుందని పెద్దలు ఒప్పుకుంటే ఆ ఏడు మొదటి వల వాడిదే. దూకేటప్పుడు బొమ్మ తీస్తాను, ఒకడు ఒప్పుకుంటే చాలన్నాడు తాత. ఎవరూ ఒప్పుకోలేదు. వరద నీళ్లలోకి దూకడానికి భయపడని వీరులు, శవాల లాజరు పెట్టె ముందుకి రావడానికి మాత్రం ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు.

మర్నాడు కొట్టుకి ఒక కుర్రాడు వచ్చాడు. పొడుగ్గా, కండ తిరిగిన భుజాలతో ఉన్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను సత్తియ్యనండి. సరంగుగారబ్బాయిని. నన్ను మీరు ఓపాలి తీశారండి."

తాతకి గుర్తొచ్చింది. సత్తియ్య తండ్రి ఇంజనీర్ల స్టీమరు నడిపే సరంగు. జ్వరంతో పోతే, పై దొర తన ఖర్చుతో ఫోటో తీయించి ఇంటికి ఇప్పించాడు. అందులో సరంగు స్పష్టంగా ఉన్నాడు. పక్కన భార్య అప్పాయమ్మ ఉంది. తండ్రి వెనక నిలబడిన చిన్న సత్తియ్య మాత్రం తండ్రి తల ఎక్కడ వాలిపోతుందోనని మాటిమాటికీ తొంగి చూశాడు. వాడి మెడ మీద తల ఉండవలసిన చోట పొగ పడింది. పేటలో అందరూ ఆ బొమ్మ చూశారు. పొగ సత్తియ్య అన్న పేరు అప్పుడు అంటుకుని మళ్లీ పోలేదు.

"ఆ పొగ నేను కాదండి," అన్నాడు సత్తియ్య. "నన్ను మళ్లీ తీయండి. ఈపాలి కదలను."

"మీ అమ్మకి చెప్పావా?"

"చెప్తే ఒప్పుకోదండి. మీ యంత్రం అప్పుడే నన్ను రుచి చూసిందంటది. ఇంకోపాలి ఎదురుపడితే వదలదంటది."

ఇక్కడ మా తాత ఆగవలసింది. ఆగలేదు. శవాల లాజరుకి పొగ సత్తియ్య దొరికాడు, ఇద్దరికీ పాత పేరు మీద కసి ఉంది. ఆ కసి ముందు తల్లి భయం ఇద్దరికీ చిన్నదిగానే కనపడింది.

ఎర్రనీరు వచ్చిన రోజు లాకు గోడ పొడుగునా జనం నిలబడ్డారు. ఆకాశమంతా మబ్బు. ముసురుకి చెమ్మ పట్టి తాత దగ్గరున్న గాజు పలకలన్నీ పొక్కిపోగా, ఒక్కటే బాగున్నది మిగిలింది. దాన్ని చెక్క తొడుగులో పెట్టి కెమెరాకి తగిలించాడు. పాడైపోయిన పలక ఒకటి అలాంటి తొడుగులోనే సంచిలో ఉండిపోయింది. గోడ చివర, పడవ వెనక భాగానికి ఎదురుగా, ముక్కాలి స్టాండు మీద కెమెరా నిలబెట్టాడు. కిందనే పడవకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. పడవ రాళ్లకి కొట్టుకోకుండా అక్కడ తాటి దుంగలు వేలాడదీశారు.

మిగతా కుర్రాళ్లు దూకేశారు. ఒక్కొక్కడూ నీళ్లలో మునిగి, దిగువన మెట్ల దగ్గర తేలి, ఈలలు వేసుకుంటూ ఎక్కాడు. సత్తియ్య ఒక్కడే మిగిలాడు. కొయ్య ఎక్కబోతూ తాత దగ్గరికి వచ్చాడు.

"నీళ్లలో పడ్డాక నేను ఏం చెయ్యాలండి?"

తాత దారం ముడి సర్దుతున్నాడు. ముసురుకి టేకు పలక ఉబ్బి గాడిలో పట్టేస్తోంది. ఆ చిరాకులో, తలెత్తకుండానే, కొట్టులో అందరికీ చెప్పే మాటే వీడికీ చెప్పాడు.

"నేను అయిందండి అనేదాకా కదలకు. నీళ్లలో పడ్డాక తల బయట పెట్టావంటే బొమ్మంతా పొగే. ఎవరేం అరిచినా సరే, నా మాట వినపడితేనే రావాలి."

నీళ్లలో మునిగినవాడికి ఆ మాట ఎంత అర్థం లేనిదో ఆయనకి ఆ క్షణాన తట్టలేదు. సత్తియ్య మాత్రం పాఠం విన్నట్టు విని తలాడించి వెళ్లిపోయాడు.

కొయ్య చివరకి ఎక్కి నిలబడ్డాడు. ఎండ లేదు. ఎండ లేకుండా ఆ సన్నటి కంతలోంచి బొమ్మ పడదు. తాత చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. పైన గాలికి కొయ్య ఊగుతోంది. కింద నీరు ఇటుక రంగులో సుడులు తిరుగుతూ పోతోంది, వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్లు పడవ పక్కనుంచే సాగిపోతున్నాయి. దిగువన అనకట్ట మీదుగా దూకుతున్న నీటి హోరు ఎంత ఉందంటే, పక్కవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి వంగాలి.

పడవ యజమాని చిట్టియ్య రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. "దిగిపోరా సత్తియ్యా. నీరు ఎక్కుతోంది. వచ్చే ఏడు దూకుదువుగాని."

సత్తియ్య వినలేదు. వాడి చూపంతా తాత చేతి మీదే ఉంది. తాత చూపంతా మబ్బు మీద ఉంది. అప్పుడే ఎవరు చెప్పారో ఏమో, చేపల తట్ట ఎక్కడో వదిలేసి అప్పాయమ్మ గోడ వెంట నడిచొస్తోంది. పరిగెత్తడం లేదు. కొడుకు బెదిరి కాలు జారతాడని నెమ్మదిగానే వస్తోంది. తాత ఆవిణ్ణి చూశాడు. చూసి, చెయ్యి దించకుండా అలాగే నిలబడ్డాడు.

మబ్బు విచ్చుకుంది. గోదావరంతా ఒక్కసారి వెలిగింది. తాత చెయ్యి దించాడు.

సత్తియ్య దూకాడు. తాత దారం వదిలాడు. టేకు పలక ఒక్క లిప్త తటపటాయించి టక్కున పడింది. జనం ఆహా అన్నారు. ఆ దూకుడు ఎలా ఉందో చూసినవాళ్లంతా తర్వాత ఏళ్ల తరబడి చెప్పుకున్నారు, చేతులు చాచి, నడుం విల్లులా వంచి, గాలిలో ఆగిపోయినట్టున్నాడని. తాత మాత్రం చూడలేదు. ఆయన కళ్లు దారం మీద ఉన్నాయి. ఆ దూకుడు తాను చూడాలంటే ఇక ఆ గాజు పలక మీదే చూడాలి. ఆయన గబగబా తొడుగు మూసి, కెమెరాలోంచి లాగి గుండెకి హత్తుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయట. కంత దాటిపోవడంతోనే పని అయిపోయింది, చేత్తో మూత పెట్టవలసిన అవసరం రాలేదు. చెయ్యి మూత పెట్టలేదు గనక నోటికి రోజూ వచ్చే మాట కూడా రాలేదు.

సత్తియ్య తేలలేదు.

మొదట ఎవరూ కంగారు పడలేదు. అందరూ మెట్ల వైపు తిరిగి చూస్తున్నారు. వాడితో పాటు ఊపిరి బిగబట్టినవాళ్లు ఇక ఆగలేక వదిలేశారు. రెండోసారి పీల్చి బిగబట్టినవాళ్లూ వదిలేశారు. చిట్టియ్య నావ విప్పించి ఇద్దర్ని దిగువకి పంపాడు. అనకట్ట అంచు దాటితే మనిషి దొరకడని పేటలో అందరికీ తెలుసు. మెట్ల దగ్గర కుర్రాళ్లు మళ్లీ నీళ్లలోకి దూకి, చేతులతో తడిమి, ఖాళీగా పైకొచ్చారు. ఈలలు ఆగిపోయాయి.

అప్పాయమ్మ తాత ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడవలేదు, గుండెలు బాదుకోలేదు. ఆయన చెవికి మాత్రమే వినపడేలా మాట్లాడింది.

"లాజరు గారండి, నా కొడుకేడండి?"

"వస్తాడమ్మా. వాడికి ఈత రాకనా."

"ఆడు గోదాట్లో లేడండి. ఉంటే ఈపాటికి తేలేవోడు. ఆడు మీ చేతిలో ఉన్నాడు." తొడుగు వైపు చూపించింది. "చిన్నప్పుడు ఆడి మొకం తీసేసుకుంది మీ యంత్రం. ఇప్పుడు నిండా మనిషిని తీసుకుంది. తెరవండి. ఎండలో పెట్టండి. నా కొడుకుని వదిలెయ్యండి."

ఎండ సోకితే ఆ పలక మీది బొమ్మ అక్కడికక్కడే చచ్చిపోతుంది. పలకలో మనిషి ఉండడని, పడేది వెలుగేనని ఆవిడకి చెప్పవచ్చు. చదువుకున్నవాడు, పదిమందికి పాఠం చెప్పగలిగినవాడు. కానీ ఆవిడ మొహం చూస్తూ చెప్పే పాఠం కాదది.

ఇంకో దారి కూడా ఉంది. సంచిలో అచ్చం ఇలాంటి తొడుగే, అందులో పాడైపోయిన పలక. దాన్ని తీసి ఎండలో తెరిచి చూపిస్తే ఆవిడకి తేడా తెలియదు, ఆవిడ మనసూ కుదుటపడుతుంది, బొమ్మా మిగులుతుంది. ఆయన చెయ్యి సంచి దాకా వెళ్లింది. పట్టీ కూడా విప్పింది. అక్కడే ఆగిపోయింది. ఆ సంగతి ఆయన తర్వాత ఒక్క సంపూర్ణమ్మకే చెప్పుకున్నాడు. "మోసం చేశాక వాడు రాకపోతే నేను ఎలా బతకనే?" అన్నాడట. నాకు అనిపించేది వేరు. శవాల దగ్గరే బతికినవాడు గదా, ఆ పూట ఆయనకీ భయమేసింది. ఆవిడ చెప్పింది నిజమేమోనని భయమేసింది.

గుండెకి హత్తుకున్న తొడుగునే ముందుకి చాచాడు. మూత పైకి లాగాడు. పాలరంగు పలక ఎండలో తళతళలాడింది. దాని మీద ఏమీ లేదు. మందునీళ్లలో కడిగితేనే బొమ్మ పైకి తేలేది, ఇక కడిగినా తేలదు. అప్పాయమ్మ వంగి, ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. పూర్తిగా ఖాళీ అని తేల్చుకున్నాక తలాడించింది.

తాత మూత కిందికి తోశాడు. జీవితమంతా చెయ్యి ఏదో ఒకటి మూసినప్పుడల్లా వచ్చిన మాట, ఆ అలవాటు కొద్దీనే, ఎప్పటి గొంతుతోనే వచ్చేసింది.

"అయిందండి."

కాళ్ల కింద నీళ్లు చిందిన చప్పుడైంది. పడవకీ గోడకీ మధ్య సందులోంచి, తాటి దుంగల చాటునుంచి ఒక తల పైకి లేచింది. సత్తియ్య. దూకినవాడు దూకినట్టే పడవ కిందనుంచి ఈది ఈవలికి వచ్చి, చుక్కాని గొలుసు పట్టుకుని, ముక్కూ చెవులూ మాత్రమే నీటికి పైన పెట్టుకుని దుంగ వెనక ఉండిపోయాడు. ప్రవాహం లాగేస్తుంటే గోడ రాళ్లని గీరుకుని గోళ్లు చిట్లిపోయాయి. పెదాలు నీలంగా అయిపోయాయి. జనం కేకలు లీలగా వినపడినా కదల్లేదు, ఎవరేం అరిచినా కదలవద్దన్నారు గదా. హోరులో తల్లి మాట వాడి దాకా రాలేదు. అంతసేపూ వాడు ఒక్క మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

చిట్టియ్య వాడి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. అప్పాయమ్మ కొడుకు చెంపలు రెండూ వాయగొట్టి, ఆ చెంపలే పట్టుకుని కూలబడిపోయింది. వాడు ఎర్రనీళ్లు కక్కి, తల్లి చేతుల మధ్యనుంచే తాత వైపు తల తిప్పాడు. మొహం వెలిగిపోతోంది.

"ఈపాలి కదల్లేదండి," అన్నాడు. "బాగా పడ్డానా అండి?"

తాత చేతిలో తొడుగు ఉంది. దాన్ని రాళ్ల మీద పెట్టేశాడు.

"లేదు నాయనా. ఈసారి నేనే కదిలాను," అన్నాడు. వాడి పక్కనే ఆ తడి రాళ్ల మీద కూర్చుని, జనమంతా చూస్తుండగా ఏడ్చాడు.

ఎర్రనీరు తీశాక ఒక పొద్దున్న తల్లీ కొడుకూ రాజమండ్రి వచ్చారు. అప్పాయమ్మ మంచి చీర కట్టుకుంది. సంపూర్ణమ్మకి ఆకులో చుట్టిన పులస చేప ఇచ్చి, తాత కొట్టులో కుర్చీ తనే లాక్కుని కూర్చుంది.

"మమ్మల్ని తీయండి లాజరు గారండి," అంది. "బతికున్నవాళ్లం బతికున్నట్టే. ఆడి నాన్న బొమ్మ పక్కన పెట్టుకుంటాను."

తాత టేకు పలక తీయలేదు. కొట్టులో వెలుగు చాలదు, పాత పద్ధతిలోనే తీశాడు. మూత తీస్తూ కదలకండి అన్నాడు, మూత పెట్టేస్తూ అయిందండి అన్నాడు. చీకటిగదిలో పలక కడిగి వెలుగులోకి తెచ్చి చూసుకున్నాడు. సత్తియ్య అచ్చుగుద్దినట్టు పడ్డాడు, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. వాడి ముందు కుర్చీలో మాత్రం అప్పాయమ్మ మెడ మీద తల లేదు, పొగ ఉంది.

తాత తల పట్టుకున్నాడు. ఇంకోసారి కూర్చోండమ్మా, మళ్లీ తీస్తానన్నాడు.

అప్పాయమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "వద్దండి," అంది. "మూత తీసి ఉన్నంతసేపూ ఆడు వెనక ఉన్నాడో లేడోనని తిరిగి చూసుకున్నానండి. ఉన్నాడు. చాలు."

తాత ఆ బొమ్మనే ఇంకొకటి పెద్దది చేసి కొట్టు ముందు వేలాడదీశాడు. దానివల్ల శవాల లాజరు అన్న పేరేమీ పోలేదు, చచ్చేదాకా ఉంది. పిల్లల్ని చంకనేసుకుని కొట్టు ముందు ఆగిన ఆడవాళ్లు మాత్రం ఆ బొమ్మ చూసి, ఆ కుర్రాడి ముందున్న పొగ ఏంటండి అని అడిగేవారు. వాళ్లమ్మ అని చెప్పేవాడు తాత. అడిగినవాళ్లలో కొందరు లోపలికి వచ్చి కూర్చునేవారు.

ఇప్పుడు ఆ బొమ్మ మా ఇంట్లో ఉంది. అంచులు పురుగు కొట్టేశాయి. సత్తియ్య ఇంకా కదలకుండా నిలబడే ఉన్నాడు. పొగ వాడి వైపు తిరిగి ఉంది.